పేరు ఒక్కటే దాచాను

కుప్పం,
6 ఫిబ్రవరి 2025

ప్రమీలత్తకు,

ఫోను చేస్తే నీకు సగం మాట వినపడదు. ఎదురుగా కూర్చుంటే పెదవులు చూసి అన్నీ పట్టేస్తావు గానీ, ఫోనులో "ఆ, ఆ" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఐదు నెలలూ ఉత్తరాలే రాస్తానని మాట ఇచ్చాను. ఇదిగో మొదటిది.

ఎమ్మెస్సీ సైకాలజీలో పుస్తకాల చదువు అయిపోయింది. ఇక ఆసుపత్రిలో పని నేర్చుకుంటేనే పట్టా ఇస్తారు. మొత్తం ఐదు వందల గంటలు. ఏ రోజు ఏం చేశానో లాగ్‌బుక్కులో రాసుకోవాలి, దాని కింద సుష్మ మేడమ్ సంతకం పెట్టాలి. ఆమె ఇక్కడ మానసిక వైద్య విభాగంలో సైకాలజిస్టు, నాకు సూపర్‌వైజర్. సన్నగా, చిన్నగా ఉంటారు. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది.

మంగళవారం ఓపీ రోజు. మొన్న ఆ రోజే నన్ను మొదటిసారి గదిలో మూల కుర్చీలో కూర్చోబెట్టారు. ఒకామె మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చింది. నేను గబుక్కున లేచి నా చేతిరుమాలు ఇచ్చాను. ఆమె వెంటనే ఏడుపు ఆపేసి, "ఏం లేదులేమ్మా" అని లేచి వెళ్ళిపోయింది. తరువాత మేడమ్ అడిగారు, "రుమాలు ఎందుకిచ్చావు?" అని. ఏడుస్తోంది కాబట్టి అన్నాను. "ఆమె ఏడుస్తోందని కాదు. ఆమె ఏడుస్తుంటే నీకు కష్టంగా ఉందని ఇచ్చావు" అన్నారు.

గదికి వచ్చి చాలాసేపు ఆలోచించాను. నిజమే అనిపించింది. రోషం కూడా వచ్చింది.

మదనపల్లె టమాటా మార్కెట్లో నాన్న అందరికీ "మా పాప డాక్టరైపోయింది" అని చెబుతున్నాడట. డాక్టరూ కాదు, ఏమీ కాదు, నేర్చుకునే పిల్ల అని నీ తమ్ముడికి నువ్వైనా చెప్పు.

నీ కోడలు పిల్ల
జాహ్నవి

—

చౌడేపల్లె,
13 ఫిబ్రవరి 2025

జానూ,

ఉత్తరం అందింది. పాల సెంటరులో అందరి ముందూ పోస్టుమ్యాన్ చేతికిస్తే, నాకు ప్రేమలేఖ వచ్చిందని గంగులప్ప నవ్వాడు. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ మాత్రం సరదా ఉండాలిలే అని ఊరుకున్నాను.

మీ మేడమ్ మాట మాత్రం నాకు నచ్చలేదు. ఏడ్చే మనిషికి గుడ్డ ఇస్తే తప్పు అని చెప్పే చదువును నేను ఎక్కడా వినలేదు. మీ మామ పోయినప్పుడు పదకొండు రోజులు ఈ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, ఊరంతా వండి తెచ్చారు. ఒకరు తల దువ్వితే ఒకరు అన్నం కలిపి పెట్టారు. ఎవరైనా మూల కుర్చీలో కూర్చుని నా ఏడుపును చూస్తూ ఉండి ఉంటే నేను బతికేదాన్ని కాదు. పెద్ద చదువు చదివినామె కాబట్టి ఆమెకేదో తెలిసి ఉంటుంది. నువ్వు ఎదురు చెప్పకు, కానీ మనుషుల దగ్గరికి పోవడం మాత్రం మానుకోకు.

మీ నాన్నకు చెప్పాను. "డాక్టరు కాకుంటే ఆసుపత్రిలో యాల ఉండాది?" అంటాడు.

ఈనిన నల్లావు మూడు రోజులు మేత ముట్టలేదు. ఇప్పుడు బాగుంది. హాస్టల్లో పెరుగు పులిసిపోయి ఉంటే తినకు.

అత్త

—

కుప్పం,
20 ఫిబ్రవరి 2025

అత్తా,

నీతో పని పడింది. ఇప్పుడు నువ్వు నా పంతులమ్మవి.

మేడమ్ నన్ను ఒక కేసులో తోడు కూర్చోనిస్తున్నారు. పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు. పాలామె అనుకో. వెంకటగిరికోట వైపు మనిషి, నీకు ఎలాగూ తెలిసే అవకాశం లేదు కాబట్టి రాస్తున్నాను. రెండు ఆవులున్నాయి. రోజూ పాలు పోస్తుంది. ఆమె బాధ ఏమిటంటే, పాల క్యాను కడగడం ఆపలేకపోతోంది. కడుగుతుంది, మూత పెడుతుంది, మళ్ళీ అనుమానం వస్తుంది, తీసి కడుగుతుంది. తనకే తెలుసు అది శుభ్రంగా ఉందని. అయినా చెయ్యి ఆగదు. పాల వ్యాను వెళ్ళిపోయాక సెంటరుకు చేరుకున్న రోజులు చాలా ఉన్నాయట. ఇది జబ్బు అత్తా, చాదస్తం కాదు. మందులున్నాయి. వాటితోపాటు, కడగకుండా ఆ భయాన్ని ఓర్చుకోవడం కొంచెం కొంచెంగా నేర్పించాలి.

"అసలు క్యాను ఎంతసేపు కడగాలి, ఎన్నిసార్లు కడగాలి? అది తెలియకుండా ఎక్కడ ఆపమంటావు?" అని మేడమ్ నన్ను అడిగారు. నాకు తెలియలేదు. చిన్నప్పటి నుంచి సెలవులన్నీ నీ పాల సెంటరులో ఆడుకున్నదాన్ని, సిగ్గేసింది. మా అత్తను అడుగుతానంటే మేడమ్ నవ్వారు. కాబట్టి వివరంగా రాయి.

జాను

—

చౌడేపల్లె,
27 ఫిబ్రవరి 2025

పంతులమ్మ రాసేది ఏమనగా,

పాలు పోసి ఇంటికి రాగానే ముందు చన్నీళ్ళతో తొలపాలి. వేడినీళ్ళు ముందు పోశావా, పాలు లోపల పట్టేసుకుంటాయి, ఆ తరువాత ఎంత రుద్దినా వాసన పోదు. కొత్త కోడళ్ళందరూ చేసే తప్పు ఇదే. రెండో నీళ్ళు వేడివి, సోడా వేసి పీచుతో లోపలా బయటా రుద్దాలి. మూత అంచున రబ్బరు చుట్టు ఉంటుంది చూడు, దాన్ని ఊడదీసి విడిగా కడగాలి. మూడోది మంచినీళ్ళు. బోర్లించి ఎండలో పెట్టాలి. ఇంతే, మూడు నీళ్ళు, పది నిమిషాలు. పదకొండో నిమిషం కడిగిందంతా క్యానుకు కాదు, మనసుకు. ఇది మీ మేడమ్‌కు చెప్పు.

ఇరవై రెండేళ్ళుగా సెంటరు నడుపుతున్నాను. క్యాను మూత తీయగానే ఆ ఇంట్లో ఎవరు కడిగారో చెప్పగలను. అత్త కడిగిందా, కోడలు కడిగిందా, ఇద్దరికీ పడక ఎవరూ కడగలేదా అన్నది కూడా తెలుస్తుంది.

పాపం ఆ పాలామె! ఏమైందని అంత భయం పట్టుకుంది? రాయి.

అత్త

—

కుప్పం,
12 మార్చి 2025

అత్తా,

నీ మూడు నీళ్ళు ఇప్పుడు ఆమె కాగితం మీద ఉన్నాయి! మేడమ్ నీ ఉత్తరంలో ఆ ముక్క వరకు చదివించుకుని, "పదకొండో నిమిషం మనసుకు" అన్నది రెండుసార్లు చెప్పించుకున్నారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

మెట్లు మెట్లుగా రాసిన పట్టీ తయారు చేశాం. మొదటి మెట్టు, మూత ఒక్కసారే కడగడం. చివరి మెట్టు, మూడు నీళ్ళతో ఆపేసి, తిరిగి చూసుకోకుండా సెంటరుకు వెళ్ళి పాలు పోయడం. ఒక్కో మెట్టు దగ్గర భయానికి నూటికి ఎన్ని మార్కులో తానే వేయాలి. చివరి మెట్టుకు నూటికి నూరు వేసింది. పెన్ను పట్టుకోవడానికి వేళ్ళు వంగలేదు అత్తా. సోడాకు తోలంతా పోయి, పగుళ్ళు బారి ఉన్నాయి. రేషన్ మిషను మీద వేలిముద్ర పడక రెండు నెలలు బియ్యం కూడా తెచ్చుకోలేదట.

ఏమైందని అడిగావు కదా. రెండేళ్ళ కిందట ఎదురింటి పాప ఈమె ఇచ్చిన పాలు తాగి వాంతులు చేసుకుని ఆసుపత్రి పాలైంది. నాలుగు రోజులకు బాగై వచ్చింది. ఆ వారం వీధిలో ఇంకో ముగ్గురు పిల్లలకు కూడా అలాగే అయింది, నీళ్ళ ట్యాంకు వల్ల అని తేలింది. పాలతో సంబంధమే లేదు. అయినా ఆ పాప వాళ్ళమ్మ ఆసుపత్రి వరండాలో ఈమె వైపు ఒక్క చూపు చూసిందట. అప్పటి నుంచి మొదలైంది.

నేనొక్కదాన్నే ఆమెతో పావుగంట మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఏడ్చింది. రుమాలు తీయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి తానే కళ్ళు తుడుచుకుని, "ఇంత వరకు ఎవరికీ సెప్పలేదమ్మా ఇది" అంది. ఆ సంగతి నీకు రాయకుండా ఉండలేకపోయాను.

జాను

—

చౌడేపల్లె,
20 మార్చి 2025

జానూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

మన కళ్ళ ముందు తిరిగే మనుషుల లోపల ఏముంటుందో మనకు తెలియదు. ఆలస్యంగా వచ్చిందని నేను కూడా ఎందరినో కసిరి ఉంటాను.

నువ్వు అక్కడ చేసేది నువ్వు చెయ్యి. ఇక్కడ నేను చేయగలిగింది నేను చేస్తాను. ఏమిటని అడగొద్దు, పెద్దవాళ్ళకు తెలిసిన ఉపాయాలు కొన్ని ఉంటాయి.

మీ మేడమ్‌కు నా నమస్కారాలు చెప్పు.

అత్త

—

కుప్పం,
9 ఏప్రిల్ 2025

అత్తా,

నువ్వు చేస్తానన్నది గంగమ్మకు మొక్కే అయి ఉంటుంది. మొక్కు ఏమైనా తీర్చుకోవాల్సి వస్తే జాతరకు నన్ను కూడా తీసుకుపో. ప్రస్తుతం మాత్రం నాకు ఒళ్ళు మండిపోతోంది. నీ దగ్గరే వెళ్ళగక్కుతాను.

పాలామె రెండు వారాలు చాలా బాగుంది. మార్కులు నూరు నుంచి ముప్పైకి దిగాయి. నేను ఎగిరి గంతేశాను. మేడమ్ మాత్రం సంతోషించలేదు. "ఇంత తొందరగా దిగదే" అన్నారు. నిన్న తెలిసింది. ఆమె ఇంట్లో కడగడం తగ్గించింది సరే, కానీ రోజూ సెంటరులో ఎవరో క్యాను లోపలికి తొంగి చూసి, "తళతళలాడతా ఉండాది, ఏం బయపడాకు" అని చెబుతున్నారట! ఆ మాట కోసమే పొద్దున వెళ్తుంది. సాయంత్రం కూడా వెళ్తుంది. మొన్న ఆదివారం ఆ మనిషి లేకపోతే పాలు పోయకుండా క్యానుతో తిరిగి వచ్చి, మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ముందుకంటే ఎక్కువసేపు.

నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఈ జబ్బుకు అభయం ఇవ్వడమే మేత. బాగుందని ఇంకొకరు చెబితే ఆ పూటకు భయం తగ్గుతుంది, మరుసటి పూటకు ఆ మాట లేకుండా నిలబడలేకపోతుంది. మేం చేస్తున్నదంతా, ఎవరూ ఏమీ చెప్పకపోయినా నేను నిలబడగలను అని ఆమెకు తెలియజేయడానికే. రెండు నెలల పని పోయింది. ఆ సెంటరు మనిషి ఎవరో గానీ, మంచి చేస్తున్నాననుకుని ఆమెను ముంచేస్తోంది. ఎదురుగా ఉంటే నాలుగు మాటలు అడిగేదాన్ని.

జాను

—

చౌడేపల్లె,
10 ఏప్రిల్ 2025

జానూ,

ఇన్నాళ్ళు దాచాను, ఇక నా వల్ల కాదు, చెప్పేస్తాను. నీ పాలామె ఎవరో నాకు తెలుసు. మా మునీశ్వరి! శివకుమార్ పెండ్లాము, సెంటరు వెనక వీధి. నువ్వు రేషన్ మిషను ముక్క రాయగానే తెలిసిపోయింది, ఎందుకంటే వేలిముద్ర పడని ఆ రోజు రేషన్ బండి దగ్గర మునీశ్వరి వెనక నిలబడింది నేనే. ఆసుపత్రి పాలైన పాప మన గంగులప్ప మనవరాలు. మునీశ్వరి వెంకటగిరికోటలో కూతురిని ఇచ్చింది, మంగళవారం మంగళవారం మనవడిని చూడటానికి పోతుంది అనుకున్నాం. అక్కడి నుంచి మీ దగ్గరికి వస్తోందన్నమాట.

పదిహేనేళ్ళుగా నా చేతిలో పాలు పోస్తోంది. తెలిసి తెలిసి ఎలా ఊరుకుంటాను? రోజూ దాని క్యాను నేనే మూత తీసి చూస్తున్నాను. "తళతళలాడతా ఉండాది, ఏం బయపడాకు మునీశ్వరీ" అని చెబుతున్నాను. మొదటి రోజు నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇప్పుడు ముఖం ఎంత తేటగా ఉందో నువ్వు చూడాలి. ఆదివారం నేను పుంగనూరులో పెళ్ళికి పోయి సెంటరుకు రాలేదు, సోమవారం నన్ను చూసి ప్రాణం లేచి వచ్చినట్టు చేసింది.

మీ పట్టీ, మా మాట, రెండూ కలిస్తే మనిషి బాగుపడుతుంది చూడు.

అత్త

—

చౌడేపల్లె,
17 ఏప్రిల్ 2025

జానూ,

తొమ్మిదో తేదీన నువ్వు రాసింది సోమవారం అందింది. ఆ సెంటరు మనిషిని నేనే.

తప్పు చేశాను, ఒప్పుకుని దిద్దుకోవాలి అనుకున్నాను. నిన్న సాయంత్రం అరటిపండ్లు, బ్రెడ్డు తీసుకుని మునీశ్వరి ఇంటికి పోయాను. వాళ్ళత్త మంగమ్మ వసారాలో చింతపండు గింజ తీస్తోంది. లోపలి నుంచి మునీశ్వరి వచ్చింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"మునీశ్వరీ, ఇంక నేను నీ క్యాను సూడనమ్మా. సూసి బాగుండాది అని సెప్పడమే తప్పంట. మా జాహ్నవి కుప్పం ఆసుపత్రి నుంచి రాసినాది" అన్నాను.

దాని చెయ్యి నా చేతిలో నుంచి జారిపోయింది. మంగమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

"కుప్పం ఆసుపత్రి ఏంది? ఏమ్మే, కూతురింటికి అని సెప్పి పిచ్చాసుపత్రికి పోతాండావా?" అంది.

ఇంట్లో తెలియదని నాకు తెలియదు జానూ. నువ్వు రాయలేదు. నేను మంగమ్మకు ఎంత సర్దిచెప్పినా వినలేదు. అంతలో శివకుమార్ వచ్చాడు, పక్కింటి వాళ్ళు వచ్చారు. మునీశ్వరి నా వైపు చూసి, "మీ పిల్లకు సెప్పుకున్న మాటలన్నీ నీకు తెలుసా అక్కా?" అని మాత్రం అడిగింది. నేను తల ఊపాను. అబద్ధం చెప్పి ఉండాల్సింది.

ఇవాళ పొద్దున పాలు శివకుమార్ తెచ్చాడు. నా వైపు చూడలేదు.

ఇప్పుడేం చేయమంటావు? రేపు మళ్ళీ పోయి మంగమ్మ కాళ్ళు పట్టుకోమంటావా? వెంటనే రాయి.

అత్త

—

కుప్పం,
24 ఏప్రిల్ 2025

అత్తా,

వెళ్ళవద్దు. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళవద్దు. పండ్లు పంపవద్దు, ఎవరితోనూ కబురు చెప్పించవద్దు. ముందు ఈ మాట చదివి తరువాత మిగిలింది చదువు.

మంగళవారం ఆమె రాలేదు. తొమ్మిది నుంచి రెండింటి దాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను.

నీ మీద అరవాలని ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టాను. అరిచే హక్కు నాకు లేదు. నువ్వు మనిషికి జబ్బు చేసిందని తెలిసి పలకరించావు, నీకు తెలిసింది అదే. రాయకూడదని తెలిసి రాసింది నేను. పేరు ఒక్కటే దాచాను, మనిషినంతా రాసేశాను. వేళ్ళు రాశాను, పాప సంగతి రాశాను, ఎవరికీ చెప్పలేదన్న మాట కూడా నీకు రాశాను. ఫైలులో కూతురి అడ్రసు ఉంటే దూరపు మనిషి అనుకున్నాను. దూరమైతే మాత్రం రాయవచ్చా? ఇంట్లో తెలియకుండా వస్తోందన్న ఒక్క ముక్క రాయలేదు. దాచాలని కాదు అత్తా, అది నాకు గొప్ప విషయంగా అనిపించక వదిలేశాను. ఆమెకు అన్నిటికంటే పెద్దది అదే.

ఇంకొకటి. నీ పదో తేదీ ఉత్తరం నాకు పద్నాలుగునే అందింది. మరుసటి రోజు మంగళవారం, ఆమె నా ఎదురుగా కూర్చుంది. నేను ఏమీ చెప్పలేదు. మేడమ్‌కు చెబితే గంటలన్నీ పోతాయని భయపడ్డాను. నాన్నకు ఫోను చేసి నిన్ను ఆపించాలనుకున్నాను, అలా చేస్తే ఆయనకు కూడా ఆమె ఎవరో చెప్పాలి. అలా చేయక, ఇలా చేయక, రోజులు గడిపాను. ఆ లోపల నువ్వు ఆ ఇంటికి వెళ్ళావు.

నిన్న మేడమ్ ముందు నీ ఉత్తరాలన్నీ పెట్టి అంతా చెప్పాను. ఆమె చదివారు. కేకలు వేస్తారనుకున్నాను. ఫైలు మూసి, చాలా చిన్న గొంతుతో, "ఇప్పుడు ఆమె ఎక్కడికి పోతుంది జాహ్నవీ?" అన్నారు. నేను అప్పటి దాకా నా గంటల గురించే ఆలోచిస్తున్నాను. ఆ ప్రశ్న వినే దాకా నాకు అది తట్టనేలేదు.

నన్ను రోగుల గదిలోకి రానివ్వరు. ఇప్పటి దాకా చేసిన గంటలు లెక్కలోకి రావు. కాలేజీకి మేడమ్ రిపోర్టు రాస్తారు, నేను కూడా నా చేత్తో రాసి ఇవ్వాలి. జూలైలో కొత్త బ్యాచితో మళ్ళీ మొదటి నుంచి. అది తక్కువ శిక్షే.

జాహ్నవి

—

చౌడేపల్లె,
6 మే 2025

జానూ,

జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. మొదట నీ మీద కోపం వచ్చింది. అంత రహస్యమైతే నాకెందుకు రాసింది అనుకున్నాను. తరువాత ఆ కోపం ఎంతకూ నిలవలేదు.

నువ్వు వద్దన్నట్టే ఆ ఇంటికి పోలేదు. ఇంత కష్టమైన పని నేను ఎప్పుడూ చేయలేదు. వెనక వీధిలో మనిషి కుమిలిపోతూ ఉంటే, ఇక్కడ కూర్చుని పాలు కొలుస్తూ ఉండటం నాకు చేతకాదు. రోజూ అటువైపు నాలుగు అడుగులు వేసి వెనక్కి వస్తున్నాను. మొన్న దొడ్లో ఆవు దగ్గర నిలబడి కనిపించింది. నన్ను చూసి ఆవు చాటుకు తప్పుకుంది. అది నా నుంచి దాక్కుంది జానూ. ఈ వయసుకు వచ్చి, నన్ను చూసి ఒక ఆడమనిషి దాక్కునే గతి పట్టింది నాకు.

ఒక సంగతి రాస్తాను, ఇంత వరకు ఎవరితోనూ అనలేదు. మీ మామ పోయినప్పుడు ఊరంతా వచ్చి నన్ను నిలబెట్టారని రాశాను కదా. అది నిజమే. కానీ ఏడో రోజో ఎనిమిదో రోజో, ఒక్క పూట ఎవరూ రాకుండా ఉంటే బాగుండును, తలుపు వేసుకుని ఆయన చొక్కా పట్టుకుని పడుకుంటాను అనిపించింది. వచ్చినవాళ్ళ కోసం కూర్చుని ఏడ్చాను. చెబితే తప్పుగా అనుకుంటారని చెప్పలేదు. మునీశ్వరికి కూడా అలాంటి తలుపు ఒకటి కావాల్సి వచ్చింది. మూడు బస్సులు మారి అంత దూరం వెళ్ళి దాన్ని వెతుక్కుంది. నేను దాన్ని బద్దలుకొట్టాను.

ఊళ్ళో ఏవేవో అంటున్నారు. సెంటరులో ఆ మాట ఎత్తితే పాలు తీసుకోనని చెప్పాను.

ఒక్కటే అడుగుతాను. ఆమె మళ్ళీ వచ్చిందా? అవును, కాదు, అంతే రాయి చాలు.

అత్త

—

మదనపల్లె,
15 మే 2025

అత్తా,

నాన్న దగ్గరకు వచ్చి నాలుగు రోజులైంది. చదువు ఆరు నెలలు ఎక్కువ పడుతుందని చెప్పాను, ఎందుకో చెప్పలేదు. మార్కెట్ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా విన్నాడు. "తప్పు చేసినావా?" అన్నాడు. చేశానన్నాను. "దిద్దుకోనిస్తాండారా?" అన్నాడు. అవునన్నాను. "అయితే తిను" అన్నాడు. ఏ తప్పు అని ఈ రోజు వరకు అడగలేదు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉందని నాకు ఇప్పుడే తెలిసింది.

నువ్వు అడిగినదానికి జవాబు రాయను. వచ్చినా చెప్పను, రాకపోయినా చెప్పను. నాకు తెలుసా లేదా అన్నది కూడా చెప్పను. మేడమ్ చేయాల్సింది మేడమ్ చేశారు, అది ఏమిటో కూడా రాయను. నీకు బాధగా ఉంటుందని తెలుసు. నీకు ఒక్క మాట రాసి నీ బాధ తీర్చాలని నా చెయ్యి లాగుతోంది. అలా తీర్చీ తీర్చే ఇంత దూరం వచ్చాం.

నీ మీద నాకు కోపం లేదు. నా మీద నీకు ఉంటే ఉండనీ. జూలైలో మళ్ళీ కుప్పం వెళ్తాను. ఉత్తరాలు రాస్తాను. హాస్టలు అన్నం గురించి, నా గురించి రాస్తాను. అంతకంటే ఉండదు.

జాను

—

చౌడేపల్లె,
12 జూన్ 2025

జానూ,

ఇది రెండో ఉత్తరం. నిన్న ఒకటి రాసి, కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా పోయి, చింపేసి వచ్చాను. అందులో ఉన్నదంతా నాది కాదు. ఇందులో నాది మాత్రమే రాస్తాను.

నల్లావుకు గాలికుంటు జబ్బు వచ్చింది. మంగళవారం దాని మందు కోసం పుంగనూరు పోదామని బస్టాండుకు పోయాను. పోయీ పోగానే, ఒకరి కంట పడకూడదని దేవేంద్ర టీ అంగడి వెనక్కి తప్పుకున్నాను. అక్కడ కట్టెల మోపు పక్కన గోడకు ఆనుకుని ముప్పావు గంట నిలబడ్డాను. ఆ ముప్పావు గంటలో రెండు బస్సులు వచ్చి పోయాయి. ఎవరు ఎక్కారు, ఏ బస్సు ఎక్కారు, ఎలా ఉన్నారు, అవి రాయను.

మోకాళ్ళు నొప్పి పుట్టాయి. పిలవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. పేరు పెదవుల దాకా వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. రెండో బస్సు కదిలి మలుపు తిరిగే దాకా అలాగే ఉన్నాను. అప్పుడు బయటికి వచ్చాను. నా బస్సు ఎప్పుడో పోయింది.

దేవేంద్ర నన్ను చూసి, "ఏంది పెద్దమ్మా, ఇంతసేపు ఆ ఎనకాల ఏం చేస్తాండావు?" అని అడిగాడు.

"ఎండగా ఉండాదప్పా, నీడకు నిలబడినాను" అన్నాను.

అప్పటికి గంట నుంచి తుంపర పడుతోంది. చీరంతా తడిసిపోయింది.

అత్త